మందు పెంచిన దొంగ

లాకప్ పక్క గదిలో సిస్టర్ గోడవైపు మొహం తిప్పుకుని కూర్చుంది. డ్యూటీ బట్టల మీదే పట్టుకొచ్చారు. జేబులో థర్మామీటరు ఇంకా అలాగే ఉంది.

"నేను దొంగని కాదు," అంది, వచ్చిందెవరో చూడకుండానే.

"ఆ సంగతి మీ అత్తగారు చెప్పారు," అంది కందిరీగ, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటూ.

సిస్టర్ చటుక్కున ఇటు తిరిగింది. "మా అత్తగారా?"

"నిన్న మా ఆఫీసుకొచ్చారు. 'మా ఇద్దరికీ మొదట్నుంచీ పడదు. దాని తప్పులు నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియవు. నోటి దురుసుంది, పెంకితనం ఉంది, వంట చేతకాదు. దొంగతనం మాత్రం అందులో లేదు' అన్నారు. అంత నమ్మకమైన సాక్ష్యం నాకు ఈ మధ్య ఎక్కడా దొరకలేదు. కేసు తీసుకున్నాను."

సిస్టర్ నవ్వబోయి ఏడ్చేసింది.

కందిరీగ ఆవిడ అసలు పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తప్పుడు రిపోర్టు కంటబడితే పై అధికారినైనా సరే వెంటబడి కుట్టేది గనక ఆ పేరు స్థిరపడిపోయింది. ఉద్యోగానికి దండం పెట్టి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినప్పుడు బోర్డు మీద కూడా అదే రాయించుకుంది.

ఆవిడ సిస్టర్ ఏడుపు తగ్గేదాకా ఆగింది. ఆగినంతసేపూ కేసు సంగతే మనసులో తిరుగుతోంది. పెద్దాసుపత్రి, కాలిన గాయాల వార్డు. రెండు నెలల్లో ఆరుగురు పోయారు. మంటల్లోంచి బతికి బయటపడి, పుండ్లు మానుతున్న దశలో ఉన్నవాళ్లు. ఒకే రకం క్రిమి గాయాల్లో చేరి రక్తంలోకి పాకింది. ఏ మందుకీ లొంగనప్పుడు వాడదామని దాచుకున్న ఆఖరి మందుక్కూడా లొంగలేదు. ఎందుకు లొంగలేదని చచ్చిపోయినవాళ్ల మనుషులు నిలదీస్తే ఆసుపత్రి పెద్దలు కొన్నాళ్లు నీళ్లు నమిలారు. తర్వాత జవాబు దొరికిందన్నారు. ఆ వార్డు హెడ్ సిస్టర్ లాకరులో ఆఖరి మందు సీసాలు రెండు బయటపడ్డాయట. సగం సగం వాడినవి. మందు కాజేసి రోగులకి నీళ్లు ఎక్కించిందని కేసు పెట్టారు.

"సీసాలు నీ లాకరులోకి ఎలా వచ్చాయి?"

"నేనే పెట్టాను."

"ఎందుకు?"

"మందులు కలిపే గదిలో చెత్తబుట్టలో కనబడ్డాయండి. ఆ మందు పొడి రూపంలో వస్తుంది. సీసాలోనే నీళ్లు పోసి కరిగించి, మొత్తం లాగేసి సెలైన్ బ్యాగులోకి ఎక్కిస్తారు. ఖాళీ సీసా బుట్టలో పడాలి. ఇవి సగం నిండుగా ఉన్నాయి. ప్రాణం పోసే మందు సగానికి సగం పారేయడమేంటని తీసి దాచాను."

"ఎవరికి చెప్పావు?"

"పెద్ద డాక్టరుగారికి. ఇన్ఫెక్షన్ల విభాగం మొత్తానికి ఆయనే హెడ్. సాయంత్రం డ్యూటీ దిగుతూ చెప్పాను. 'మంచి పని చేశావమ్మా, పొద్దున పట్టుకురా' అన్నారు. పొద్దున నేను వెళ్లేసరికి లాకరు బద్దలు కొట్టి ఉంది. ఇన్‌స్పెక్టర్‌గారు పక్కనే నిలబడి ఉన్నారు."

"ఇంకెవరికైనా చెప్పావా? మీ ఆయనకి?"

"లేదండి. ఆయన ఒక్కరికే."

తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. "టైమైపోయింది మేడమ్."

ఇన్‌స్పెక్టర్ చొక్కా చేతుల మడతలు చూస్తే వేలు కోసుకుపోతుందేమో అనిపిస్తుంది. స్టేషన్లో అందరూ చాటుగా ఇస్త్రీ అంటారు. ఒకప్పుడు కందిరీగ కిందే పనిచేశాడు. అప్పుడు ఆవిడ ముందు నోరెత్తేవాడు కాదు. ఇప్పుడు వడ్డీతో సహా ఎత్తుతున్నాడు.

"సీసాల మీద వేలిముద్రలు ఈమెవే. పెట్టింది తనేనని ఒప్పుకుంది కూడా. ఇంక మీకు తవ్వడానికేముంది?"

"లాకరు వెతకమని నీకెవరు చెప్పారు?"

"పేరు చెప్పకుండా ఎవరో ఫోన్ చేశారు."

"ఎప్పుడు?"

"ముందు రోజు సాయంత్రం. చీకటి పడుతుండగా."

"ఈ అమ్మాయి అదే సాయంత్రం ఒకే ఒక్క మనిషికి చెప్పింది. కాసేపటికి నీకు ఫోనొచ్చింది. ఆ ఒక్క మనిషినీ నువ్వు ఏమైనా అడిగావా?"

ఇస్త్రీ మొహం ముడుచుకుంది. "ఆయన ఎవరనుకుంటున్నారు మేడమ్? మా నాన్నని బతికించిన మనిషి."

"నేను అడిగింది ఆయన గొప్పతనం గురించి కాదు. అడిగావా లేదా అని."

కందిరీగ లేచి, సిస్టర్ భుజం తట్టి బయటికి నడిచింది. ఒళ్లు మండిపోతోంది. ఆరు ప్రాణాలు పోయిన కేసులో అడగాల్సిన మొదటి ప్రశ్న అడగనివాడు చొక్కా మడత నలగకుండా తిరుగుతున్నాడు. ప్రశ్న లేవనెత్తిన మనిషి లాకప్‌లో ఉంది.

* * *

కందిరీగ మేనకోడలు పనిచేసేది పరిశోధనా సంస్థలో. కంప్యూటర్లో క్రిముల్ని పెంచడం దాని ఉద్యోగం. దాని గదిలో గాజు గిన్నెలు, మైక్రోస్కోపులు ఏవీ ఉండవు. రెండు తెరలు, బల్ల కింద హోరుమనే పెట్టె, ఒక కుర్చీ, అంతే. అయినా వాళ్లమ్మ ఇప్పటికీ అది ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కుంటే గాని లోపలికి రానివ్వదు.

"కూర్చో అత్తయ్యా," అని కుర్చీ ఇచ్చి తను బల్లకి ఆనుకుంది. "నువ్వు అడిగింది చూశాను. మొత్తం చెప్పనా, తేల్చింది చెప్పనా?"

"నాకు అర్థమయ్యేది చెప్పు."

తెర నిండా నీలం చుక్కలు. పుడుతున్నాయి, రెండుగా చీలుతున్నాయి, ఆరిపోతున్నాయి.

"ఇవి నిజం క్రిములు కావు, లెక్కలు. కానీ నిజం వాటిలాగే పెరుగుతాయి. చీలేటప్పుడు ఎక్కడో ఒకదానిలో పొరపాటు జరుగుతుంది. వాటిలో చాలావరకు దేనికీ పనికిరావు. కోట్లలో ఒకటి మాత్రం మందుని తట్టుకునే పొరపాటు అవుతుంది. దాన్ని ఎర్ర చుక్కగా పెట్టాను."

"ఆ ఎర్రదే పెరిగి పెద్దదవుతుంది."

"మందు ఉంటేనే. మందు లేకపోతే ఆ మార్పు దానికి బరువు. నెత్తిన మూట పెట్టుకుని పరుగుపందెంలో దిగినట్టు. మామూలువి దాన్ని దాటేసి పోతాయి. ఇదిగో, మీ ఇన్‌స్పెక్టర్ కథ. రోగులకి ఉత్త నీళ్లు ఎక్కించారు."

తెర మీద ఎర్ర చుక్కలు అక్కడొకటి ఇక్కడొకటి మెరిసి మాయమైపోతున్నాయి. ఎంతసేపు చూసినా నీలమే.

"నీళ్లే ఎక్కించి ఉంటే మనుషులు చనిపోయేవాళ్లు, నిజమే. కానీ క్రిమి పాత క్రిమిలాగే ఉండేది. సరైన మందు పెడితే చచ్చేది. ఆ వార్డులో అది చావట్లేదు. ఇప్పుడు పూర్తి మోతాదు చూడు."

తెర నల్లబడిపోయింది. చుక్క మిగల్లేదు.

"మరి ఒకరోజు మందు, ఒకరోజు నీళ్లు? దొంగ వీలున్నప్పుడే కదా తీసేది?"

"అదీ చూశాను. అప్పుడు కొన్నిసార్లు ముదురుతుంది. కానీ ప్రతిసారీ ఒక్కో దారిలో, గజిబిజిగా. ఆ వార్డు క్రిముల జన్యు వివరాలు మాకు ఎప్పటికప్పుడు వస్తాయి. అందులో గజిబిజి ఏమీ లేదు అత్తయ్యా. మొదట పోయిన మనిషి దగ్గర ఒక మార్పు. ఆ తర్వాతి వాళ్ల దగ్గర దాని మీద రెండోది. ఆ పైన మూడోది. మెట్లెక్కినట్టు ఎక్కింది. ఒక్క మెట్టు కూడా దాటెయ్యలేదు."

"మందు ఎలా ఇస్తే అలా ఎక్కుతుంది?"

"అదే వెనక్కి వెళ్లి వెతికాను. కంప్యూటర్లో వేల రకాలుగా మందు ఇచ్చి చూశాను. ఒక్క రకంతోనే కుదిరింది." మేనకోడలు తెర మీద మెట్లలాంటి గీత చూపించింది. "మొదట పావు మోతాదు. అది అలవాటయ్యాక సగం. అదీ అలవాటయ్యాక ముప్పావు. ఆఖరికి పూర్తి మందు పోసినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

కందిరీగ ఆ గీత వైపు చాలాసేపు చూసింది. కింద నుంచి పైకి. మళ్లీ పై నుంచి కిందికి.

"దొంగ పట్టుబడకపోతే ఏం చేస్తాడే?"

"ఇంకా ఎక్కువ తీస్తాడు."

"అప్పుడు రోగికి వెళ్లే మందు రోజురోజుకీ తగ్గాలి. ఇక్కడ రోజురోజుకీ పెరిగింది." ఆవిడ కుర్చీలోంచి లేచింది. "నా ఉద్యోగంలో రకరకాల దొంగల్ని చూశాను. సొమ్ము తెచ్చి కొంచెం కొంచెంగా వెనక్కి పెట్టే దొంగని మాత్రం చూళ్లేదు. ఇది దొంగతనం కాదు. ఎవరో దాన్ని పెంచారు. చదువు చెప్పినట్టు చెప్పారు. అదీ ఒళ్లు కాలి, కదల్లేక పడి ఉన్న మనుషుల నెత్తుట్లో."

మేనకోడలు గీత పక్కన ఉన్న అంకెల్నే చూస్తోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైంది?"

"నాకు కొంచెం టైమివ్వు అత్తయ్యా. ఒకటి చూసుకోవాలి."

"ఏంటది?"

"చూసుకున్నాకే చెబుతాను. నువ్వు వెళ్లు."

* * *

మందులు కలిపే గది ఆసుపత్రి కింది అంతస్తులో ఉంది. సిస్టర్ తరఫు లాయరు కోర్టునుంచి అనుమతి తెచ్చాడు గనక ఎవరూ అడ్డుపడలేదు. బూట్ల మీద ప్లాస్టిక్ సంచులు, తల మీద టోపీ, చేతులకి గ్లవ్స్ తొడుక్కుంటే గాని లోపలికి పోనివ్వరు. గది మధ్యలో బీరువా అంత యంత్రం ఉంది. గాజు తలుపు వెనక ఇనుప చెయ్యి సీసా ఎత్తి, సూది గుచ్చి, మందు లాగి, సెలైన్ బ్యాగులోకి ఎక్కించి, సీసాని కింద బుట్టలోకి జారవిడుస్తోంది.

దాని బాధ్యత చూసే ఫార్మసిస్టు నడివయసు మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మొహం కాకుండా గోడ మీద బల్లిని వెతుకుతున్నట్టు చూస్తాడు.

"బ్యాగులోకి ఎంత మందు వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తారు?" అని అడిగింది కందిరీగ.

"యంత్రమేనండి."

"యంత్రం పుట్టుకతోనే నేర్చుకొచ్చిందా?"

"అంటే... వార్డుకో మోతాదు ముందే ఎక్కించి ఉంటుందండి. మేము వార్డు మీట నొక్కడమే."

"ఆ మోతాదు మార్చాలంటే?"

"రహస్య నంబరు కొట్టాలి."

"ఆ నంబరు ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గర." చూపు ఇంకో గోడకి మార్చాడు. "పెద్ద డాక్టరుగారి దగ్గర."

వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. ఇస్త్రీ వచ్చాడు. నెత్తిన ప్లాస్టిక్ టోపీతో, మడతలు నలగని చొక్కాతో విచిత్రంగా ఉన్నాడు.

"మీ మేనకోడలి దగ్గరికి వెళ్లొచ్చారట. కంప్యూటర్ ఆటలు చూసి కేసులు కొట్టేసే రోజులొచ్చాయన్నమాట. రేపు జడ్జిగారికి కూడా చుక్కలు చూపిస్తారా?"

"ముందు నీకు చూపిస్తాను, ఆగు." కందిరీగ అతని వైపు తిరిగింది. "ఒక్క మాట అడుగుతాను. సిస్టర్ దొంగ అయితే, రోగులకి మందు పెరగాలా, తగ్గాలా?"

"తగ్గాలి."

"పెరిగింది. పావు, తర్వాత సగం, తర్వాత ముప్పావు. క్రిమి ఒంట్లోనే ఆ గుర్తులు వరసగా ఉన్నాయి. ఇదెక్కడి దొంగతనం?"

"క్రిమి వచ్చి బోనెక్కి సాక్ష్యం చెప్పదు మేడమ్."

"అందుకే ఈ గదికొచ్చాను." ఆవిడ ఫార్మసిస్టుని చూసింది. "యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో మీరెలా చూసుకుంటారు?"

"మందు సీసాల్లాంటివే ఉంటాయండి, ఉత్త నీళ్లవి. అవి పెట్టి నడిపిస్తాం."

"పెట్టండి. ప్రతి వార్డు మీటా నొక్కండి. ఆఖరి మందు మోతాదుతో. ఇన్‌స్పెక్టర్, నువ్వు ఆ బుట్ట పక్కన నిలబడు. సీసా పడగానే తీసి నాకు చూపించు. గ్లవ్స్ ఉన్నాయిలే, నీ వేలిముద్రలు పడవు."

ఇస్త్రీ పళ్లు కొరికాడు గాని వెళ్లి నిలబడ్డాడు.

ఫార్మసిస్టు ఆపరేషన్ల వార్డు మీట నొక్కాడు. ఇనుప చెయ్యి కదిలింది. సీసా బుట్టలో పడింది. ఇస్త్రీ తీసి వెలుగులో పట్టుకున్నాడు. ఖాళీ. గుండె జబ్బుల వార్డు. ఖాళీ. కాలిన గాయాల వార్డు మీట నొక్కుతుంటే కందిరీగ బుట్ట మీదికి వంగింది. ఆ సీసా కూడా ఖాళీగానే పడింది.

"చూశారా," అన్నాడు ఇస్త్రీ.

"ఆరుగురు పోయాక సర్దేసి ఉంటారు. ఇంకా ఏ మీటలున్నాయి?"

"అంతేనండి. అయిపోయాయి," అన్నాడు ఫార్మసిస్టు.

కందిరీగ యంత్రం దగ్గరికి వెళ్లి మీటల మీద రాతలు చదివింది. "ఇదేంటి?"

ఫార్మసిస్టు చెయ్యి కదపలేదు. ఆవిడే నొక్కింది. ఇనుప చెయ్యి సీసా ఎత్తింది, గుచ్చింది, లాగింది. మధ్యలో ఆగిపోయింది. సీసా బుట్టలో పడిన చప్పుడు ఈసారి వేరుగా వినిపించింది, బరువుగా.

ఇస్త్రీ దాన్ని తీసి పైకెత్తాడు. సగం నిండుగా ఉంది. అతను సీసా వైపు, మీట వైపు, మళ్లీ సీసా వైపు చూశాడు.

ఆ మీట మీద పిల్లల వార్డు అని రాసి ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది కందిరీగ. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. ఆవిడ కింద పనిచేసినవాళ్లకి ఆ నెమ్మది అర్థం తెలుసు. ఇస్త్రీ ఒక అడుగు వెనక్కేశాడు.

"ఈ వారమేనండి. కాలిన గాయాల వార్డు నుంచి క్రిమి ముదరకముందే అటు పాకిందని చెప్పి ఆ వార్డులో ఉన్న పిల్లలందరికీ పెద్ద డాక్టరుగారు ఇదే మందు రాశారు. సీసాల్లో మిగులుతోందని నేను చూశాను. అప్పుడూ చూశాను, ఇప్పుడూ చూశాను. అడిగితే 'పరిశోధన, పైనుంచి అనుమతి ఉంది, నీకెందుకు' అన్నారు. నాకెందుకులే అని..."

"సిస్టర్‌ని సంకెళ్లు వేసి తీసుకెళ్తుంటే కూడా నీకెందుకులే అనుకున్నావా?"

"నోరు విప్పితే నన్నే ఇరికిస్తారని భయపడ్డానండి."

"ఆవిడ భయపడలేదు. అందుకే ఆవిడ లోపలుంది, నువ్వు బయటున్నావు. ఆ మోతాదు ఇప్పుడే సరిచెయ్యి. చేసి పైకి రా."

ఆవిడ అప్పటికే తలుపు దాటింది. టోపీ పీకి పారేసి మెట్లవైపు పరుగెత్తింది. వెనకాల ఇస్త్రీ బూట్లు టకటకమంటున్నాయి. సగం మెట్లెక్కేసరికి ఫోన్ మోగింది.

"అత్తయ్యా," అంది మేనకోడలు. ఏడుస్తోంది. "ఆ మెట్లు నావే."

"ఏంటి?"

"పావు, సగం, ముప్పావు. పోయినేడాది నేనే కట్టాను. క్రిమి అన్నిటికంటే త్వరగా ముదరాలంటే మందు ఏ వరసలో పెంచాలి అన్న లెక్క. పొరపాటున కూడా ఎవరూ అలా ఇవ్వకూడదని చెప్పడానికి చేశాను. ఆసుపత్రిలో డాక్టర్లందరికీ చూపించాను. అందరూ వెళ్లిపోయాక పెద్ద డాక్టరు ఒక్కడే ఉండి, ఒక్కో మెట్టు మీద ఎన్నాళ్లు ఉంచితే రెండోది ఎక్కుతుందని అడిగాడు. ఎంత శ్రద్ధో అనుకున్నాను. పక్కన కూర్చోబెట్టుకుని వివరంగా చెప్పాను అత్తయ్యా."

"వాడికేం లాభమే దీనివల్ల?"

"ఆయన కొత్త మందు కనిపెట్టాడు. దాన్ని మనుషుల మీద పరీక్షించాలంటే పాత మందులేవీ పనిచేయని రోగులు కావాలి. అలాంటివాళ్లు ఇక్కడ దొరకడం లేదని ఆ రోజే వాపోయాడు."

కందిరీగ మెట్ల మీద ఒక్క క్షణం ఆగిపోయింది. దొరకడం లేదని తయారుచేసుకున్నాడు. పరీక్షకి తయారవకముందే పోయినవాళ్లు ఆరుగురు. వాళ్లు వాడి లెక్కలో చెడిపోయిన సరుకు.

"విను. ఏడవకు. ఇప్పుడు పిల్లల వార్డులో అదే నడుస్తోంది. సీసాలో సగం మిగిలింది."

అవతల ఏడుపు ఆగిపోయింది. "సగమా? ముప్పావు మిగల్లేదా?"

"సగమే. నా కళ్లతో చూశాను."

"అంటే మొదటి మెట్టు అయిపోయింది. రెండోదాని మీద ఉన్నాయి. ఇప్పుడు ఆ మందు పూర్తిగా ఇచ్చినా లాభం లేదు. ఫోన్ పెట్టెయ్యకు అత్తయ్యా, చూస్తాను."

* * *

పిల్లల వార్డులో మొదటి మంచం మీద ఐదారేళ్ల పాప పడుకుని ఉంది. చేతికి సూది, పైన వేలాడే బ్యాగు, చుక్కచుక్కగా దిగుతున్న మందు. కందిరీగ వెళుతూనే గొట్టానికున్న చక్రం బిగించేసింది. చుక్క ఆగింది. పక్క మంచం, ఆ పక్క మంచం. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు "ఏయ్, ఎవరండీ మీరు" అని వెంటపడ్డాడు. ఇస్త్రీ అతన్ని చేత్తో ఆపాడు.

పాప తల్లి చేతిలో పెన్నుతో నిలబడిపోయింది. ఆవిడ పక్కన పెద్ద డాక్టరు ఉన్నాడు. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు, ఎవరినైనా "అమ్మా" అని పిలిచే మనిషి.

"సంతకం పెట్టమంటున్నారండి," అంది తల్లి, కందిరీగతో. "పాపకి పాత మందులేవీ పనిచేయవట. కొత్త మందుందట. దేవుడిలా వచ్చారీ డాక్టరుబాబు."

కందిరీగ ఆ పెన్నుకి చెయ్యి అడ్డం పెట్టింది.

"పెట్టకమ్మా. ఈయనే మీ పాప జబ్బుని ముదరబెట్టింది. మందు సగమే ఇచ్చి."

తల్లికి అర్థం కాలేదు. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పెద్ద డాక్టరు మాత్రం కంగారుపడలేదు.

"ఇన్‌స్పెక్టర్, నాన్నగారు బాగున్నారా?" అని పలకరించాడు. "ఈవిడని కొంచెం బయటికి తీసుకెళ్లండి."

ఇస్త్రీ కదల్లేదు. జేబులోంచి సగం నిండిన సీసా తీసి ఆయన కళ్లముందు పెట్టాడు. "ఇదేంటి డాక్టరుగారూ?"

ఆయన సీసాని చూశాడు. అబద్ధం ఆడదామా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించినట్టున్నాడు. అక్కర్లేదనుకున్నాడు కాబోలు, నిట్టూర్చాడు.

"ఆరుగురి గురించి మాట్లాడతారు మీరు. ఈ మందు బయటికొస్తే లక్షలమంది బతుకుతారు. అది మీకు కనబడదు. సరే, తీసుకెళ్లండి నన్ను. కానీ ఈ పిల్లలకి ఇప్పుడు పనిచేసే మందు నా దగ్గర తప్ప ఎక్కడా లేదు. నేను స్టేషన్లో కూర్చుంటే వీళ్లకి ఎవరిస్తారు? మీ మేనకోడలి దగ్గరికి వెళ్లారని విన్నాను, తననే అడగండి. లెక్క తనదే కదా."

కందిరీగ ఫోన్ లౌడ్‌స్పీకర్లో పెట్టి పైకెత్తింది. "విన్నావుటే?"

"విన్నాను." మేనకోడలు గొంతులో ఇప్పుడు తడి లేదు. "ఆయన అబద్ధం చెబుతున్నాడు అత్తయ్యా. నేను మెట్లు కట్టినప్పుడు ఆయన పైకి ఎక్కే దారే అడిగాడు. ఎక్కేటప్పుడు క్రిమి ఏం పోగొట్టుకుంటుందో అడగలేదు. రెండో మెట్టు ఎక్కేటప్పుడు దాని పైపొర పలచబడుతుంది. మామూలు క్రిమి మీద అంతగా పనిచేయదని పక్కన పడేసిన పాత మందొకటుంది. అది ఆ పలచని పొరలోంచి దూరిపోతుంది. లెక్కలో ఐతే పూర్తిగా తుడిచిపెట్టేస్తోంది. మా జీవశాస్త్రం వాళ్లు పోయినేడాదే నిజం క్రిమి మీద కూడా చేసి చూశారు, పనిచేసింది." మందు పేరు చెప్పింది. "మూడో మెట్టు ఎక్కితే మాత్రం పొర మళ్లీ గట్టిపడిపోతుంది. అప్పుడు అదీ పనిచేయదు."

"ఎప్పుడెక్కుతుంది?"

"రేపు పొద్దునకి. ముందే ఎక్కినా ఆశ్చర్యం లేదు."

పెద్ద డాక్టరు మొహంలో నవ్వు చెదిరిపోయింది. అది చూశాక కందిరీగకి ఇంక వేరే రుజువు అక్కర్లేకపోయింది. కుర్ర డాక్టరు కూడా చూశాడు. ఇంతవరకూ ఆయన ముందు కూర్చోవడానికి కూడా భయపడినవాడు, ఆయన్ని దాటుకుని పాప మంచం దగ్గరికి వచ్చి, చార్టు తీసి ఆ పాత మందు పేరు రాశాడు.

"నువ్వు నా సంతకం లేకుండా..." అన్నాడు పెద్ద డాక్టరు.

"పక్కకి జరగండి," అన్నాడు ఇస్త్రీ. ఎప్పుడూ లేనిది అతని చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయి ఉంది. సంకెళ్లు బయటికి తీసి ఆయన చేతులకి వేశాడు. తలుపు దగ్గరున్న కానిస్టేబులుకి అప్పగించాడు. "మా నాన్న గురించి ఇంకెప్పుడూ అడక్కండి," అన్నాడు.

తల్లి చేతిలోంచి ఆ కాగితం తీసుకుని కందిరీగ నాలుగు మడతలు పెట్టి తన సంచిలో పడేసుకుంది. ఆవిడ భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. పాప నిద్రలో ఏదో గొణిగి అటు తిరిగి పడుకుంది.

అప్పుడే ఫార్మసిస్టు ఆయాసపడుతూ వచ్చాడు. పాత మందు పేరు చూపించగానే తల గోక్కున్నాడు.

"ఉందండి. ఎవరూ వాడరు గనక ఎక్కువ తెప్పించం." మళ్లీ కిందికి పరుగెత్తి చిన్న అట్టపెట్టె తెచ్చాడు. కుర్ర డాక్టరు అందులో సీసాలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. తలెత్తి వార్డు చివరిదాకా చూశాడు.

"ఇద్దరికి సరిపోతాయి," అన్నాడు మెల్లగా. "ఇక్కడ ఎనిమిది మంది ఉన్నారు."

మిగతా మంచాల దగ్గర తల్లులు, నాన్నలు, ఒక తాతగారు ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. ఏ ఇద్దరికో అని అందరి కళ్లూ కుర్ర డాక్టరు చేతిలో ఉన్న పెట్టె మీదే ఉన్నాయి. కిటికీలోంచి సాయంత్రపు ఎండ పక్కల మీద పడుతోంది.

కందిరీగ ఇస్త్రీ వైపు తిరిగింది.

"నీ జీపు సైరన్ పనిచేస్తుందా?"

"చేస్తుంది మేడమ్."

"పద. మందుల షాపులు మూసేలోపల ఊరంతా తిరగాలి."

ఇద్దరూ మెట్లవైపు పరుగెత్తారు.